ఆలస్యంగా తిన్నాం, కానీ తిన్నాం

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, వ్యాకరణంలో అన్నిటికంటే కష్టమైన పాఠం ఏది మేడమ్ అని అడుగుతారు. టెన్సులంటాననో, వాయిస్ అంటాననో ఎదురుచూస్తారు. నేను అండ్, బట్, సో, బికాజ్ అంటాను. నవ్వేస్తారు. ఒకటో తరగతి పిల్లలు కూడా పలికే మాటల్లో కష్టం ఏముందని వాళ్ళ నవ్వుకు అర్థం. కొత్తలో నేనూ అలాగే నవ్వేదాన్ని. పదవీ విరమణకు కాస్త ముందు ఒక ఊరి పిల్లలు నా చేత ఆ నవ్వు మాన్పించారు. తర్వాత వాళ్ళే ఇంకో రకంగా నవ్వించారు.

శింగనమలలో కొన్నేళ్ళు, కొత్తచెరువులో కొన్నేళ్ళు పనిచేశాక నాకు కర్ణాటక సరిహద్దు దగ్గరి ఊరికి బదిలీ అయింది. విడపనకల్లు దాటాక బస్సు దిగి ఆటో పట్టుకోవాలి. నల్లరేగడి నేల. వాన పడితే చెప్పు ఊడి బురదలో ఉండిపోతుంది, పడకపోతే పగుళ్ళలో చెయ్యి దూరుతుంది. నేనున్న ఏళ్ళలో పగుళ్ళే ఎక్కువ చూశాను. జనం ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడతారు. నా పేరు విని చాలారోజులు నన్ను ఉర్దూ మేడమ్ అనుకున్నారు. మేం ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలం. అనంతపురంలో గడియారాలు బాగుచేసిన మా నాయనకు కూడా ఉర్దూ అంతంతమాత్రమే. ఒకాయన తన కొడుకును తీసుకొచ్చి, వీడికి ఉర్దూ నేర్పించండి, బళ్ళారిలో వ్యాపారానికి పనికొస్తుంది అని అడిగితే, నేను ఇంగ్లీషు టీచర్నని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, సరే, అదైనా నేర్పండి అని ఒప్పుకున్నాడు.

బడి పరవాలేదు. గదులున్నాయి, గోడలకు రంగులున్నాయి, నీళ్ళు మాత్రం లేవు. బోరు ఎప్పుడో ఎండిపోయింది. రోజూ ట్యాంకరు వచ్చి డ్రమ్ములు నింపిపోతే ఆ నీళ్ళతోనే తాగడం, వంట, పళ్ళేలు కడగడం. హెడ్మాస్టరు లెక్కల మనిషి, మాట కటువు, మనసు మెత్తన. తెలుగు మాస్టరు నాకంటే పెద్దవారు, నన్ను అమ్మా అని పిలిచేవారు. మధ్యాహ్న భోజనం వండే ఆమెను పిల్లలూ మేమూ అందరం అక్క అనేవాళ్ళం. చాలా ఏళ్ళుగా ఆ బళ్ళో ఆమే వంట. గరిటె పట్టుకుని నిలబడితే పదో తరగతి పిల్లలు కూడా వరస తప్పేవాళ్ళు కారు.

పదో తరగతి పరీక్షలో చిన్న వాక్యాలు రెండిచ్చి ఒకటిగా కలపమని అడుగుతారు. సులువుగా వచ్చే మార్కులు. మా పిల్లలకు అవే పోయేవి. ఏ రెండు వాక్యాలిచ్చినా మధ్యలో అండ్ పెట్టేసి చేతులు దులుపుకునేవాళ్ళు. వాన పడింది అండ్ మేం తడవలేదు. పరుగెత్తాడు అండ్ బస్సు అందలేదు. నేను అట్టముక్కలతో రైలు చేసుకొచ్చాను. ఒక్కో పెట్టె మీద ఒక్కో వాక్యం, పెట్టెల మధ్య కొక్కేల మీద బట్, సో, బికాజ్. పిల్లలకు రైలు బాగా నచ్చింది. అది గుంతకల్లు మీదుగా పోతుందా అని అడిగారు. ఇంజనుకు ముందువైపు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. పరీక్షలో మళ్ళీ అండ్ పెట్టారు.

ఒకరోజు పుస్తకంలోని వాక్యాలే బోర్డు మీద రాశాను. హి ఈజ్ పూర్. హి ఈజ్ హానెస్ట్. వీటిని బట్ పెట్టి కలపాలని చెప్పాను. అతను పేదవాడు, కానీ నిజాయితీపరుడు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. రోజూ ఆలస్యంగా వచ్చే పిల్ల. ఇంట్లో మేకలున్నాయి, పొద్దున వాటి పని అయితే తప్ప బడికి రాదు.

"మేడమ్, ఈడ బట్ యాల? మా నాయన పేదోడే, మంచోడే. మధ్యలో కానీ యాడ్నుంచి వచ్చె?"

ఏళ్ళ తరబడి చెప్పిన వాక్యం అది. ఒక్కరోజు కూడా ఆ కానీ దగ్గర నేను ఆగలేదు. నిజమేనమ్మా, ఇక్కడ అండ్ పెడితేనే బాగుంటుంది అని బోర్డు మీద దిద్దేశాను. క్లాసంతా ఆ పిల్ల వైపు పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసింది. అయితే నా చిక్కు రెట్టింపయింది. సరిగ్గా అండ్ పెట్టాల్సిన చోట నేను బట్ పెట్టమన్నాను. ఇక ఈ పిల్లలు నా మాట ఎందుకు వింటారు?

ఆ మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని కూర్చున్నప్పుడు తెలుగు మాస్టరుకు నా గోడు చెప్పుకున్నాను. ఆయన చెనిక్కాయ పచ్చడి కలుపుకుంటూ అంతా విన్నారు.

"అమ్మా, మనం ఇంట్లో మరియు అంటామా? పోయినాను మరియు తింటిని మరియు పండుకొంటిని అంటే నన్ను ఆస్పత్రికి తీసకపోతారు. పోయి తిని పండుకొంటి అంటాం. అతుకు మాట లోపల్నే ఉండాది. నువ్వేమో ముక్కలిచ్చి, బంక బయట్నుంచి తెచ్చి పూయమంటాండావు."

మరునాడు మేకల పిల్ల మళ్ళీ ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగాను. ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"మేకలు తప్పిపోతే ఎతకబోతి మేడమ్, ఊరంతా తిరిగినా యాడా కనపడకపోయేసరికి ఇంటికి పోతే అవి దొడ్లోనే ఉండె, వాటిని కట్టేసి వచ్చేలోపల బెల్లు కొట్టేసిరి."

ఆగు అన్నాను. తిడతాననుకుని ఆ పిల్ల గుమ్మంలోనే బిగుసుకుపోయింది. నేను సుద్దముక్క తీసుకుని ఆమె చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద తెలుగులో రాశాను. ఇందులో ఎన్ని చిన్న వాక్యాలున్నాయో చెప్పండి అన్నాను. మేకలు తప్పిపోయాయి, వెతికాను, కనపడలేదు, ఇంటికి పోయాను, అవి అక్కడే ఉన్నాయి, కట్టేశాను, బెల్లు కొట్టారు. పిల్లలు ఒక్కొక్కటే ఊడదీసి చూపించారు. మరి ఇవన్నీ ఎలా అతుక్కున్నాయి? తప్పిపోతే అన్నప్పుడు ఆ చివరి తే ఉంది చూడండి, అది బికాజ్. తిరిగినా అన్నప్పుడు చివర్లో సాగుతుందే, ఆ నా, అదే ఆల్దో. వచ్చేలోపల అన్నది బిఫోర్.

తర్వాత ఒక పిల్లవాడు, తన ఇంట్లో పోయిన వస్తువేదో తన జేబులోనే దొరికినవాడిలా, ఆల్దో అంటే ఇంతేనా మేడమ్ అన్నాడు. ఇంతేరా అన్నాను. పుస్తకం భయపెట్టినంత పెద్దది కాదది. మీ అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది. చెప్పినా వినవు, పెట్టినా తినవు అని. మా అమ్మ రోజూ ఆల్దో అంటుందని వాడు ఇంటికెళ్ళి చెబితే, నేనెప్పుడన్నాన్రా అని ఆమె కోప్పడిందట.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి, కారణాన్ని ఒకే ఇంగ్లీషు వాక్యంలో చెప్పాలి. మధ్యలో ఎక్కడా ఫుల్‌స్టాప్ పెట్టకూడదు. తప్పులొచ్చినా పరవాలేదు, తెగకూడదు. ఇది ఇంత బాగా పండుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. గేదె ఈనిందని ఒకడు, ఈనినా దూడ లేవకపోవడంతో నాయన పిలిచాడని ఇంకొకడు, దూడ లేచేసరికి తన బస్సు పోయిందని, అయినా నడిచి వచ్చానని మరొకడు. వారం తిరిగేసరికి మొదటి పీరియడ్ బెల్లు కొట్టేసరికి క్లాసులో సగం మంది కూడా ఉండేవాళ్ళు కారు. మిగతావాళ్ళంతా బయట గోడపక్కన నిలబడి వాక్యాలు కూర్చుకుంటుండేవాళ్ళు.

హెడ్మాస్టరు నన్ను గదికి పిలిపించారు. మీ క్లాసుకు ఎవరూ టయానికి రావడం లేదు మేడమ్, ఇదేం వ్యాకరణం అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. అందుకని రూలు మార్చాను. సమయానికి వచ్చినవాళ్ళు ఎలా రాగలిగారో చెప్పాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు చెప్పే అవకాశమే ఉండదు. మరునాడు అందరూ బెల్లుకు ముందే ఉన్నారు. సమయానికి రావడానికి కూడా ఇన్ని కష్టాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఇంతలో ఒకరోజు బస్సు చెడిపోయి హెడ్మాస్టరే ఆలస్యంగా వచ్చారు. వరండాలో పిల్లలు ఆయన్ను ఆపి, సార్, వన్ సెంటెన్స్ అన్నారు. ఆయన నావైపు కోపంగా చూశారు. చేతిలో సంచీ కింద పెట్టారు. బస్ స్టాప్డ్, సో ఐ వాక్డ్, బట్ ఐ యామ్ హియర్ అన్నారు. పిల్లల చప్పట్లకు అక్క వంటగదిలోంచి గరిటెతోనే బయటికొచ్చింది. ఆ రోజంతా హెడ్మాస్టరు ముఖం వెలిగిపోతూనే ఉంది. లెక్కల పీరియడ్‌లో ఎవరినీ తిట్టలేదట.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ ఎండాకాలం ముందు ఒకరోజు ట్యాంకరు రాలేదు. డ్రమ్ములు ఖాళీ. తాగడానికి ఊళ్ళోంచి నాలుగు బిందెలు తెచ్చాం గానీ అన్నం వండే నీళ్ళు లేవు. భోజనం వేళ దాటిపోయింది. హెడ్మాస్టరు పిల్లల్ని ఇళ్ళకు పంపించేద్దామన్నారు. అక్క అడ్డం నిలబడింది.

"ఇంటికి పంపితే యాడుండారు సార్ ఎవురన్నా? అందరూ మిరప కోతకు పోయినారు. పొయ్యి మీద గిన్నె లేదు ఏ ఇంట్లోనూ. సల్పం సేపు ఉంచండి."

ఆమె తమ్ముడికి ఊరి బయట చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. బోరు సన్నగా పోస్తోంది, చెట్లకే చాలడం లేదు. అక్క ఫోను చేసి అతన్ని మోపెడ్‌తో రప్పించింది. వెనక కూర్చుని, ఒక్కో చేత్తో ఒక్కో క్యాను పట్టుకుని, దుమ్ములో పోయి నీళ్ళు తెచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ తెచ్చింది. బడి వదిలే వేళ దగ్గరపడుతుండగా పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో కూర్చున్నారు. ఆకలి మీద ఉన్నారేమో, ఆ రోజు మాటల చప్పుడే లేదు. మరునాడు ట్యాంకరు వచ్చింది, మేం ఆ సంగతి మర్చిపోయాం.

మర్చిపోనివాళ్ళు ఒకరున్నారు. అక్క వంటపని తనవాళ్ళకు ఇప్పించుకోవాలని ఎన్నాళ్ళనుంచో చూస్తున్న మనిషి. వంటామె పిల్లల్ని పస్తులుంచింది, మధ్యాహ్నం అన్నం పెట్టలేదు అని ఫిర్యాదు పైకి పోయింది. ఇక్కడ తమాషా ఏమిటంటే, మధ్యాహ్నం అన్నం పెట్టలేదన్నది అబద్ధం కాదు. అంతవరకు చెప్పి ఆపేశారు, అంతే.

విచారణకు శిక్షణలో ఉన్న ఒక యువ అధికారిణి వచ్చింది. ఉత్తరాది అమ్మాయి. పిల్లల్లాగే సంచీ భుజాన వేసుకుని జీపు దిగింది. తెలుగు నేర్చుకుంటోంది గానీ, పుస్తకంలో నేర్చుకున్న తెలుగు మా పిల్లల ముందు నిలబడలేదు. యాడ, ఆడ, ఉండాది అని వాళ్ళు మొదలుపెట్టేసరికి కళ్ళార్పుతూ చూసింది. అందుకని వెంట వచ్చిన గుమాస్తా వాళ్ళ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి. టీచర్లు లోపల ఉండకూడదంది. అది సరైన పనే. నేనైనా అలాగే చేసేదాన్ని. హెడ్మాస్టరు, తెలుగు మాస్టరు, నేను వరండాలో డ్రమ్ముల పక్కన నిలబడ్డాం. కిటికీకి తలుపుల్లేవు, లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి. అక్క వంటగది మెట్టు మీద వంకాయలు ముందేసుకుని కూర్చుంది. కత్తిపీట ఉంది, వంకాయ ఉంది, కోయడం లేదు.

అధికారిణి ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంది. క్లాసు లీడరు లేచి, ట్యాంకరు రాకపోతే మధ్యాహ్నం అన్నం కాలేదని, అక్క తోటనుంచి నీళ్ళు తెచ్చి చేస్తే సాయంత్రం తిన్నామని మా తెలుగులో గడగడా చెప్పాడు. గుమాస్తా దాన్ని ఇంగ్లీషులో, నో వాటర్ మేడమ్, ఆఫ్టర్‌నూన్ నో ఫుడ్ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి, ఎండ మండుతోంది, క్లుప్తంగా తేల్చేద్దామనుకున్నాడు. నో ఫుడ్? అని ఆమె మళ్ళీ అడిగింది. నో ఫుడ్ మేడమ్ అన్నాడు. కలం కదిలిన చప్పుడు కూడా నాకు వినిపించినట్టే అనిపించింది.

హెడ్మాస్టరు నుదురు కొట్టుకున్నారు. నేను గుమ్మం వైపు అడుగు వేశాను. తెలుగు మాస్టరు నా దారికి అడ్డంగా చెయ్యి చాపారు.

"ఆగమ్మా. మనం పోయి చెప్తే మనం చెప్పించినట్లయితాది."

మెట్టు మీద అక్క మావైపే చూస్తోంది. లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు, మా ముఖాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమె చేతిలోని వంకాయ బుట్టలోకి జారిపోయింది. ఇన్నేళ్ళ వంట, రెండు పొడి మాటలతో పోయేలా ఉంది. నా ఉద్యోగంలో అంత నిస్సహాయంగా నిలబడింది అప్పుడే.

అప్పుడు బెంచీ కిర్రుమన్న చప్పుడు.

"ఎక్స్‌క్యూజ్ మి మేడమ్. దట్ ఈజ్ నాట్ ఫుల్ సెంటెన్స్."

మేకల పిల్ల. అధికారిణి ఏమిటని అడిగింది. ఆ పిల్ల గుమాస్తా వైపు చూపించి, సార్ కట్ ద సెంటెన్స్, హి టుక్ హాఫ్, హాఫ్ ఈజ్ స్టిల్ విత్ అజ్ అంది. సారు వాక్యాన్ని తెంపారు, సగం తీసుకున్నారు, సగం ఇంకా మా దగ్గరే ఉంది. అంత కంగారులోనూ నా వెధవబుద్ధి, ఫుల్ ముందు ఎ పెట్టలేదే అనుకుంది.

అధికారిణి కలం కింద పెట్టేసింది. ఆ సగం చెప్పమంది. మేకల పిల్ల ఒకసారి ఊపిరి పీల్చుకుంది. అది పీల్చుకున్నదంటే ఇక మధ్యలో ఆగదని క్లాసంతటికీ తెలుసు.

"ఆల్దో ద ట్యాంకర్ డిడ్ నాట్ కమ్, అక్క డిడ్ నాట్ గో హోమ్, బికాజ్ వి వర్ హంగ్రీ, అండ్ షి బ్రాట్ వాటర్ ఫ్రమ్ హర్ బ్రదర్ గార్డెన్ అండ్ కుక్డ్, సో వి ఏట్ లేట్, బట్ వి ఏట్."

ట్యాంకరు రాకపోయినా అక్క ఇంటికి పోలేదు, మేం ఆకలితో ఉన్నాం కాబట్టి తమ్ముడి తోటనుంచి నీళ్ళు తెచ్చి వండింది, అందుకే ఆలస్యంగా తిన్నాం, కానీ తిన్నాం. వరండాలో మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఏడుస్తామని ముగ్గురికీ భయం. తెలుగు మాస్టరు మాత్రం గొణిగారు, ఆ బట్ సరైన చోటనే పడింది అమ్మా అని.

లోపల అధికారిణి వెంటనే మెత్తబడలేదు. అది ఆమె గొప్పతనం అనుకుంటాను. ఇది మీకు టీచరు నేర్పించారా అని గట్టిగా అడిగింది. క్లాసు లీడరు లేచాడు. మేడమ్ టాట్ అజ్ ఆల్దో అండ్ బట్, వాటర్ వి సా అన్నాడు. ఆల్దో, బట్ మేడమ్ నేర్పారు, నీళ్ళ సంగతి మేం చూసిందే. అధికారిణి నవ్వును ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వడం చూడగానే క్లాసు కట్టలు తెంచుకుంది. ఒకడు లేచి మోపెడ్ గురించి, ఇంకొకతె క్యాన్లు మోసిన అక్క చేతులు వాచిన సంగతి చెబుతుంటే, బికాజ్‌లూ సోలూ దొర్లిపోతున్నాయి. చివరికి, అందరికంటే వెనక కూర్చునే ఒక సత్యసంధుడు లేచి, అక్క సాంబార్ ఈజ్ లైక్ వాటర్, బట్ షి గివ్స్ సెకండ్ టైమ్ అన్నాడు. అక్క సాంబారు నీళ్ళలా ఉంటుంది, కానీ రెండోసారి అడిగినా పోస్తుంది. ఒక్క వాక్యంలో అంత నిష్పక్షపాతంగా మాట్లాడిన సాక్షిని నేను మళ్ళీ చూడలేదు.

అధికారిణి బయటికొచ్చి అక్కను పిలిపించుకుంది. గుమాస్తాను పక్కన పెట్టి, వచ్చీరాని తెలుగులో తనే మాట్లాడింది. మీ పని మీదే, ఎవరూ తీసేయరు అని చెప్పింది. నీళ్ళ గురించి హెడ్మాస్టరును చాలాసేపు ప్రశ్నలడిగింది. తర్వాత పిల్లలతో పాటు వరసలో కూర్చుని తింది. సాంబారు రెండోసారి కూడా పోయించుకుంది. కొన్నాళ్ళకు ఫిర్యాదు మూసేసినట్టు కాగితం వచ్చింది, దాని వెనకే బడికి పెద్ద నీళ్ళ ట్యాంకు వచ్చింది. ఒకరోజు ట్యాంకరు రాకపోయినా వంట ఆగనంత పెద్దది.

ఇదంతా చూసి నా పాఠం గొప్పదని మురిసిపోలేదని చెబితే మీరు నమ్మరు. మురిసిపోయాను. వారంపాటు ఇంట్లో నా మాటలు భరించడం కష్టమైందని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. మీలో ఎవరైనా ఇంగ్లీషు టీచరుగా కొత్తగా చేరి ఉంటే ఒకటే చెబుతాను. పుస్తకంలో ఇచ్చిన పేదవాడినీ నిజాయితీపరుడినీ పిల్లలతో కలిపించడానికి తంటాలు పడకండి. వాళ్ళు ఎందుకు ఆలస్యంగా వచ్చారో అడగండి. ఆ పిల్ల ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతోంది. ఫోను చేస్తే ఇప్పటికీ మధ్యలో ఆగకుండా మాట్లాడుతుంది. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉంటే పొంగిపోవాల్సిందే.

జీపు పోయాక జరిగింది కూడా చెప్పాలి. సాంబారు మాట అక్క చెవిన అప్పటికే ఎవరో వేసేశారు. వంటగది గుమ్మంలో నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని, నా సాంబారు నీళ్ళని చెప్పినోడు ఎవుడ్రా అని అడిగింది. క్లాసు మొత్తం ఒక్కసారిగా ఆ సత్యసంధుణ్ని చూపించింది. వాడు తెలుగు మాస్టరు వెనక దాక్కున్నాడు. పప్పు సరిగ్గా ఇస్తే చిక్కగా చెయ్యనా అని అక్క వాణ్ని కాదు, హెడ్మాస్టరును చూసి అంది. ఆయన చెట్ల వైపు తిరిగారు.

తర్వాత నన్ను అడిగింది, ఆ పిల్ల ఏం చెప్పిందో చెప్పమని. నేను తెలుగులో పూర్తిగా చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చెప్పితే మామూలుగా ఉండాది మేడమ్. ఆ పిల్లతో ఇంగ్లీషులోనే చెప్పించు. అర్థం కాకపోయినా ఇంటాను."

మేకల పిల్ల సిగ్గుపడుతూ ముందుకొచ్చింది. ఆల్దో ద ట్యాంకర్ అని మొదలుపెట్టింది. అక్క కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు వింది. బట్ వి ఏట్ దాకా వచ్చి ఆ పిల్ల ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. లోపల అధికారిణికి చెప్పని ముక్క ఒకటి కలిపింది.

"బట్ అక్క డిడ్ నాట్ ఈట్."

నేను వెంటనే తెలుగు చేయలేకపోయాను. ఆ సంగతి నాకూ తెలియదు. అక్క కళ్ళు తెరిచి, ఇందాకటి కన్నా కొంచెం పొడుగున్నట్లుండాదే, ఏమంటాది అని నన్నడిగింది. ఆ రోజు నువ్వు తినలేదంటోంది అన్నాను. అక్క ఆ పిల్ల వైపు తిరిగింది.

"అది యాడ చూసినావే నువ్వు?"

"గిన్నె అడుగు గీకి మాకే పెడితివి కదక్కా. ఆమీద కడిగి బోర్లిస్తివి."

"మరి ఆ ముక్క ఆయమ్మకి చెప్పలేదేమే?"

"అప్పటికే చానా కలిపింటి అక్కా. ఇంకోటి కలిపితే సెంటెన్స్ బరువయిందని మేడమ్ కొట్టేస్తాదేమోనని."

ముందు హెడ్మాస్టరు నవ్వారు. తర్వాత అక్క నవ్వింది, గోడకు ఆనుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, ఆగకుండా నవ్వింది. పిల్లలు ఊరుకోలేదు. ఇద్దరు పోయి పళ్ళెం తెచ్చారు, ఒకరు అన్నం పెట్టారు, మేకల పిల్ల గరిటె చేతుల్లోకి తీసుకుంది. అక్క వద్దు వద్దంటూనే వరండాలో మా అందరి మధ్యా కూర్చుని కడుపునిండా తింది. సాంబారు చాలన్నా ఆ పిల్ల వినలేదు, రెండోసారి కూడా పోసింది.